గులాబి తొట్టి, మోకాలెత్తు కుళాయి

స్కోఫీల్డ్స్,
ఆగస్టు 4.

గౌరవనీయులైన వియ్యపురాలు చాముండేశ్వరి వదినగారికి,

శ్యామసుందరి నమస్కరించి రాయునది. ఇక్కడ మా భార్గవ్, మీ అమ్మాయి సృజన, మనవరాలు గీతిక, నేను క్షేమం. కింది బాత్రూం ఒక్కటే క్షేమంగా లేదు. అందుకే ఈ ఉత్తరం.

సిడ్నీ నుంచి పెర్త్‌కి ఫోనుండగా ఉత్తరమేమిటని మీరనుకోవచ్చు. ఈ ఇంట్లో ఫోను మాట్లాడితే కారులోనూ వినపడుతుంది, హాల్లో పెట్టిన మాట్లాడే డబ్బాలోనూ వినపడుతుంది. వాట్సాప్‌లో రాస్తే గీతిక దాన్ని ఫోనుచేతనే ఇంగ్లీషు చేయించి భోజనాల దగ్గర అందరికీ చదివి వినిపిస్తుంది. నా తెలుగు చేతిరాత మాత్రం ఇక్కడ ఎవరూ ఛేదించలేని రహస్యలిపి. కన్నకొడుకే మొదటి పేరా దాటలేడు.

సంగతేమిటంటే, నా గది పక్కనున్న బాత్రూం పగలగొట్టి కొత్తగా కట్టిస్తున్నారు. దీనికి అఖిల్ అనే మన తెలుగు కుర్రాణ్ణి కుదుర్చుకున్నారు. ఇక్కడి యూనివర్సిటీలో ఇంజినీరింగ్ చదివి ఇప్పుడు బాత్రూం కన్సల్టెంట్‌గా స్థిరపడ్డాడు. స్నానం విషయంలో ఒకరిని సంప్రదించవలసినంత సందేహం నాకు డెబ్బై నాలుగేళ్ళలో ఎప్పుడూ రాలేదు.

"ఇప్పుడు ట్రెండంతా ఫ్రీస్టాండింగే ఆంటీ. టబ్ ఏ గోడకీ టచ్ అవకూడదు. దానికి బ్రీత్ చేయడానికి స్పేస్ ఇవ్వాలి," అన్నాడు.

"తొట్టి ఊపిరి పీల్చుకుంటుంది, సంతోషం. నేనెక్కడ కూర్చోవాలి నాయనా?" అన్నాను.

"టబ్‌లోనే ఆంటీ," అన్నాడు, నా మీద జాలిపడి.

బొమ్మ చూపించాడు. ఉడికిన కోడిగుడ్డును నిలువుగా కోసి పచ్చసొన తీసేసినట్టుంది. అది గది నడిమధ్య కూర్చుంటుంది, చుట్టూ మనం ప్రదక్షిణం చేయాలి. కాకినాడలో మా ఇంటి గంగాళం కూడా ఏ గోడకూ ఆనకుండానే ఉండేది. దాన్ని ట్రెండని ఎవరూ అనలేదు, దారికి అడ్డమన్నారు.

పైగా అందులో కూర్చుంటే మనం వదిలించుకున్న మురికి మనతోనే ఉంటుంది కదా. పప్పు కడిగిన నీళ్ళలోనే పప్పు నానబెట్టినట్టు. ఆర్కిమెడిస్ తొట్టిలో దిగి సూత్రం కనిపెట్టాడని కాలేజీలో ఏళ్ళ తరబడి ఫిజిక్స్ పాఠం చెప్పినదాన్ని. ఆయన శుభ్రపడి బయటికి వచ్చాడని మాత్రం ఏ పుస్తకంలోనూ చదవలేదు.

నాకు కావలసింది కొంచెం. మోకాలెత్తున ఒక కుళాయి, దాని కింద బకెట్టు, పక్కన నా స్నానాల పీట పట్టేంత నేల. ఇది నేనడిగితే అత్తగారి సాధింపు అవుతుంది. మీరడిగితే అమ్మ సలహా అవుతుంది. నా పేరు రానివ్వకుండా, మీకు తోచిన పద్ధతిలో సృజన చెవిన ఒక మాట వేయండి.

ఇట్లు,
స్నానానికి మిమ్మల్నే నమ్ముకున్న,
శ్యామసుందరి.

తా.క. ప్రస్తుతం పైన గీతిక బాత్రూంలో కాలక్షేపం చేస్తున్నాను. అక్కడి సబ్బుకు పుచ్చకాయ వాసన. చలికాలం కాబట్టి సరిపోయింది గాని, వేసవి అయితే ఈ దేశపు ఈగలన్నీ నా వెంటే గుడికి వచ్చేవి.


కానింగ్ వేల్,
ఆగస్టు 15.

మా వదినగారు శ్యామసుందరి గారికి,

చాముండేశ్వరి వేల దండాలు. అమ్మవారి దయ వల్ల చందు, కోడలు కుసుమ, నేను అందరం మంచిగున్నం. మీ ఉత్తరం పూజగదిల పెట్టి, దండం పెట్టుకొని అప్పుడు చదివిన.

మీ పని అయిపోయింది. ఇగ నిశ్చింతగ ఉండుండ్రి.

మీ పేరు రానియ్యొద్దంటిరి. పేరు లేకుంట ఎట్ల చెప్పాలె అని పొద్దంత ఆలోచించిన. నల్లా కిందికి పెట్టమంటే మా పిల్ల ఎందుకని అడుగుతది. అది పుట్టినప్పటి సంది ఎందుకని అడుగుడే. ఎందుకంటే ఏం చెప్పాలె? అందుకని కారణం నుంచే మొదలుపెట్టిన.

"బిడ్డా, మీ అత్తగారికి మోకాళ్ళు పోయినయి. అభిమానం మనిషి, నోరు తెరిచి చెప్పదు. పొద్దున లేస్తే ఎడమ మోకాలు కటకటమంటది. మెట్లు ఎక్కుడుకన్న దిగుడు కష్టం. నేల మీద కూసుంటే మళ్ళ లేసుడు దేవుడెరుగు. జర చూసి కట్టించు," అని చెప్పిన.

వినంగనే ఏడ్చింది. అత్తగారంటే మా పిల్లకు ఎంత ప్రేమ ఉన్నదో ఆ ఏడుపుల తెలిసింది. మీరు అదృష్టవంతులు. ఎట్లాంటి నల్లా పెట్టాల్నో ఆ అఖిల్ పిలగాన్ని ఇయ్యాల్నే అడుగుతనన్నది.

ఇట్లు,
మీ మేలు కోరే,
చాముండేశ్వరి.

తా.క. ఒకవేళ మీ మోకాళ్ళు నిజంగ మంచిగుంటే, సృజన ముందర కొంచెం మెల్లగ నడువుండ్రి. లేకుంటే నేను అబద్ధం చెప్పినట్టయితది.


స్కోఫీల్డ్స్,
సెప్టెంబరు 6.

వదినగారికి,

రెండు మోకాళ్ళూ సలక్షణంగా ఉన్న శ్యామసుందరి నమస్కారాలు.

మీరు కుళాయి కిందికి దింపమన్నారు. వాళ్ళు నన్ను దింపారు. ఆ రాత్రి నుంచి నా కాళ్ళ కింద దిండు. సోఫాలోంచి లేస్తే ఇద్దరు చెరో చేయీ పట్టుకుంటున్నారు. మెట్లెక్కుతుంటే భార్గవ్ రెండు చేతులూ చాచి వెనకే వస్తున్నాడు, పియానో మోసేవాడిలాగ.

"నా మోకాళ్ళు బాగున్నాయమ్మా," అన్నాను సృజనతో.

"అందరూ మొదట అలాగే అంటారు అత్తయ్యా," అంది, చాలా నెమ్మదిగా.

సరే, నోటిమాట నమ్మనివాళ్ళకు కళ్ళకు చూపిద్దామని కాలనీ చుట్టూ గబగబా రెండు చుట్లు కొట్టి వచ్చాను. నొప్పి మరచిపోవడానికి నడుస్తున్నానని తేల్చారు. తగ్గించి నడిస్తే, చూశావా, తట్టుకోలేకపోతోంది అన్నారు. ఏ ప్రయోగం చేసినా ఒకే ఫలితం వస్తోందంటే ప్రయోగశాలలోనే ఏదో లోపం ఉందని నేను పిల్లలకు చెప్పేదాన్ని. ఇక్కడ ఆ లోపం కానింగ్ వేల్‌లో ఉంది.

తరువాత ఒక థెరపిస్టును పిలిపించారు. పెద్దవాళ్ళు ఇంట్లో ఎలా లేస్తారో, ఎలా కూర్చుంటారో చూసి రాసుకోవడం ఆ అమ్మాయి ఉద్యోగం. చక్కని పిల్ల. నేను మామూలుగా ఎలా స్నానం చేస్తానో చేసి చూపించమంది. బట్టలతోనే, నీళ్ళు లేకుండా.

చేశాను వదినగారూ. హాల్లో తివాచీ మీద పీట వేసుకుని, ఖాళీ బకెట్టులో ఖాళీ చెంబు ముంచి, చీరమీద గాలి పోసుకున్నాను. వీపు రుద్దుకున్నాను. మధ్యలో అలవాటుకొద్దీ చెవి కూడా దులుపుకున్నాను. ఆ అమ్మాయి గంభీరంగా రాసుకుంటూ, "ఈ కప్పు నీళ్ళు తల మీదకా, భుజం మీదకా?" అని అడిగింది. గీతిక సోఫామీద పొర్లి నవ్వుతూ, "నానమ్మా, యూ లుక్ లైక్ యూ ఆర్ రోయింగ్ ఎ బోట్," అంది.

పీట మీంచి నేను దేన్నీ పట్టుకోకుండా లేచాను. రిపోర్టులో ఆ అమ్మాయి నా మోకాళ్ళకు మంచి మార్కులే వేసింది. అది చదివి సృజన కళ్ళు తుడుచుకుంది. పరాయి మనిషి ముందు నొప్పి ఎంత దాచుకున్నారో అని.

దాంతో కోడిగుడ్డు రద్దయింది. దాని స్థానంలో తలుపున్న తొట్టి వస్తోంది. అవును, తొట్టికి తలుపు. కారెక్కినట్టు తలుపు తీసుకుని లోపలికి నడిచి, తలుపు వేసుకుని, కుర్చీలో కూర్చుంటే అప్పుడు నీళ్ళు వస్తాయట. "ఇదీ ట్రెండే ఆంటీ, ఫ్యూచర్ ప్రూఫ్," అన్నాడు అఖిల్. నా వయసులో ఫ్యూచర్ ఆ తొట్టికన్నా పొట్టిది.

ఇంకా ఆర్డరు ఖరారు కాలేదు. దయచేసి సృజనకు ఫోను చేసి నా మోకాళ్ళు నాకు తిరిగి ఇప్పించండి.

ఇట్లు,
ఆరోగ్యం వల్ల అవస్థ పడుతున్న,
శ్యామసుందరి.

తా.క. ఆ థెరపిస్టు వెళ్ళేముందు నేను పీట మీద కూర్చున్న భంగిమను ఫోటో తీసుకుంది. తన దగ్గరికొచ్చే నలభై ఏళ్ళవాళ్ళకు చూపించి సిగ్గు తెప్పిస్తుందట.


కానింగ్ వేల్,
సెప్టెంబరు 16.

మా వదినగారికి,

చాముండేశ్వరి దండాలు. మీ ఉత్తరం చదివి మస్తు పరేషానయిన. అప్పటికప్పుడే సృజనకు ఫోన్ కొట్టిన.

"మీ అత్తగారి మోకాళ్ళు మంచిగున్నయంట, నిన్ను ఫికర్ చేయొద్దని నాతోని చెప్పమన్నది," అన్న. ఉన్నదున్నట్టే చెప్పిన వదినగారూ, ఒక్క ముక్క కలపలే. అటుపక్క సృజన ముక్కు చీదింది. తర్వాత, "నీతోని చెప్పించిందంటే ఎంత నొప్పి ఉన్నదో అమ్మా," అన్నది. ఇగ నేనేం చేయాలె?

సరే, ఎట్లయిన తలుపు తొట్టే వస్తున్నది గదా, వచ్చేదేదో మంచిగ రావాలె అని ఫోన్లనే సృజనకు అన్ని చెప్పిన. మీకోసమే. లోపల కూసునే పీట ఎత్తు పద్దెనిమిది అంగుళాలు ఉండాలె, పదహారయితే లేవరాదు. పట్టుకునే కడ్డీ కుడిచేతి దిక్కు. తలుపు గడప ఎంత తక్కువుంటే అంత మంచిది, ఎడమకాలు మడిచి ఎత్తుడు కష్టం గదా మీకు. నీళ్ళల్ల కింద నుంచి బుడగలు రావాలె, అవి మోకాలి చిప్ప వెనకకు తగలాలె. రంగు అడిగితే లేత గులాబి అని చెప్పిన. మీకు గులాబి నచ్చదని తెలుసు, గని తొట్టి లోపల కూసున్నంక రంగు ఎవరికి కనపడుతది?

ఇక్కడ బతుకమ్మ రిహార్సళ్ళు మొదలైనయి. కానింగ్ వేల్ ఆడోళ్ళందరికి అడుగులు నేర్పేది నేనే అని మీకు తెలుసు గదా. ఈసారి నేను తిరుగుత లేను. నడిమిట్ల కుర్చీ ఏసుకొని పాట చెప్తున్న. నాయకత్వం అంటే గంతే, అందరి లెక్క తిరుగుడు కాదు. మా ఎనుక వీధి కాత్యాయని లేదూ, నేను ఎప్పుడు తప్పుకుంట నా జాగల ఎప్పుడు దూరాల్నా అని చూస్తున్నది. నేను ఉన్నన్ని రోజులు అది కాదు.

నాదొక మాట. మీకు ఆ తొట్టి కుదరకుంటే దీపావళికి మా ఇంటికి రాండ్రి. మాది పాత ఇల్లు, బాత్రూం ఎవ్వరు ముట్టలేదు. నల్లా మోకాలెత్తున ఉన్నది, బకెట్ ఉన్నది, చెక్క పీట ఉన్నది, నీళ్ళు పోయే తూము నేలల్నే ఉన్నది. మీరు వచ్చినప్పుడు నేను అటు పోయి బిడ్డను, మనవరాలిని చూసివస్త. చందు నన్ను విమానం ఎక్కిస్తడు, భార్గవ్ మిమ్మల్ని ఎక్కిస్తడు.

ఇట్లు,
మీ సుఖమే కోరే,
చాముండేశ్వరి.

తా.క. కొత్త తొట్టి వాడకుంట ఖాళీగ ఉంచుడు ఇంటికి మంచిది కాదట. ఎవరన్నరో యాదికొస్తలేదు.


స్కోఫీల్డ్స్,
అక్టోబరు 11.

వదినగారికి,

శ్యామసుందరి నమస్కారాలు. తొట్టి వచ్చింది.

గుమ్మంలో పట్టలేదు. ఆర్వోకల్లా, అంటే ఇక్కడి భాషలో మధ్యాహ్నానికల్లా, అయిపోతుందన్న ట్రేడీలు, అదే ఇక్కడి మేస్త్రీలు, మూడో ఆర్వోకి కిటికీ, దాని చుట్టూ ఉన్న గోడ ముక్క ఊడదీసి లోపలికి తోశారు. వీధి వీధంతా కుర్చీలు తెచ్చుకుని చూసింది. గులాబి రంగు తొట్టి, తలుపుతో సహా, తాళ్ళకు కట్టి వస్తుంటే ఎదురింటి పాప అది రథమా అని అడిగిందట. పెళ్ళికూతురు ఎవరని నన్ను అడగలేదు, అదే నయం.

మొదటి స్నానం నాది. లోపలికి నడిచి తలుపు బిగించుకుని కూర్చున్నాను. నీళ్ళు పాదాల దగ్గర మొదలుపెట్టి తీరిగ్గా పైకి వచ్చాయి. అంతసేపూ నేను బట్టల్లేకుండా, బస్సు కోసం ఎదురుచూస్తున్న ప్రయాణికురాలిలా కూర్చున్నాను. వచ్చాక బాగానే ఉంది, అబద్ధం చెప్పను. కష్టమంతా దిగేటప్పుడు. లోపలి నీళ్ళన్నీ పోతేగాని తలుపు తెరుచుకోదు. భుజాలు, పొట్ట, మోకాళ్ళు, ఒక్కొక్కటీ వరసగా చలికి అప్పగిస్తూ కూర్చోవాలి. నేరం చేయకుండా జైలు అనుభవించాలంటే ఇదొక సౌకర్యం.

తలుపవతల సృజన నిలబడి ఉంది. "అత్తయ్యా, బాగుందా?" అని అడిగింది.

వదినగారూ, ఆ గొంతు నాకు తెలుసు. పరీక్ష రాసి, ఫలితాల కాగితం అంటించే గోడ దగ్గర నిలబడ్డ ఆడపిల్ల గొంతు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఎవరినీ ఊరికే పాస్ చేయలేదు నేను.

"చాలా బాగుందమ్మా," అన్నాను.

ఇక వెనక్కి వెళ్ళే దారి లేదు. నా బకెట్టులో భార్గవ్ కరివేపాకు మొక్క నాటి గరాజ్ పక్కన పెట్టాడు. నా రాగి చెంబును అఖిల్ తోమించి, కాగితప్పూలు పెట్టించి, బాత్రూం గోడగూట్లో అలంకారంగా నిలబెట్టాడు. తొట్టిలో కూర్చుంటే సరిగ్గా కళ్ళెదుటే ఉంటుంది, చేతికి అందదు. పీట ఎక్కడుందో అడగడానికి ధైర్యం చాలలేదు. గీతిక దానిమీద నిలబడి చెత్తడబ్బా మూత తీస్తోందని నిన్న కనిపెట్టాను.

ఆ తొట్టిలో రోజూ కూర్చోలేను. కూర్చోలేనని సృజనకు చెప్పనూ లేను. అందుచేత మీ పిలుపు అందుకుంటున్నాను. దీపావళికి ముందే మీ ఇంటికి చేరతాను. మీరు ఇటు బయల్దేరండి.

ఇట్లు,
శుభ్రంగా పారిపోతున్న,
శ్యామసుందరి.

తా.క. తొట్టిలో కుడిచేతి పక్కన ఎర్ర బొత్తాం ఒకటుంది. ఆపదలో నొక్కాలట. గీతిక తన గొంతుతో సందేశం రికార్డు చేసి పెట్టింది. ఏమని పెట్టిందో నేను వినలేదు. మీరు కూడా వినే అవసరం రాకూడదని కోరుకుంటున్నాను.


స్కోఫీల్డ్స్,
అక్టోబరు 23.

కానింగ్ వేల్‌ల మా ఇంట్ల ఉన్న వదినగారికి,

మీ ఇంట్ల ఉన్న చాముండేశ్వరి దండాలు. నేను బతికే ఉన్న. ముందుగాల అది రాస్తున్న, ఎందుకంటే మీకు భార్గవ్ ఫోన్ చేసిండని తెలిసింది.

దీపావళినాడు పొద్దుగాల సృజన హారతిచ్చి తలకు నూనె పెట్టింది. పండుగ స్నానం గదా, ఇంటికాడి నుంచి తెచ్చుకున్న సున్నిపిండి నిండ పట్టించుకొని తొట్టిల కూసున్న. వేడినీళ్ళు, నువ్వులనూనె, సున్నిపిండి. ఆ మీద బుడగల బటన్ నొక్కిన. వదినగారూ, కొద్దిసేపట్ల తొట్టి నిండ పిండి పొంగింది. నా గడ్డం దాక వచ్చింది. వడలు వేసుకోవచ్చు, అంత చిక్కగ.

అయినా ప్రాణం హాయిగున్నది. కండ్లు మూసుకొని కూసున్న. నీళ్ళు పోయే బటన్ నొక్కితే మాత్రం పోతలెవ్వు. కింద జాలిల సున్నిపిండి ముద్ద కట్టి కూసున్నది. నీళ్ళు పోకుంటే తలుపు రాదు. మీరు రాసింది అప్పుడు యాదికొచ్చింది.

అరుద్దామంటే హాల్ల అల్లుడుగారు, వారి ఆఫీసోళ్ళు కూసొని ఫలహారం చేస్తున్నరు. అల్లుని ముందర అత్త స్నానాలగదిల నుంచి కేక పెడుతదా? సృజన ఎప్పటికైన రాకపోతదా అని అమ్మవారి పేర్లు చదువుకుంట కూసున్న. కూసున్నదాన్ని ఊరుకోవద్దా, జారుతున్ననని కడ్డీ పట్టుకోబోతే మోచెయ్యి ఎర్ర బటన్ మీద పడ్డది.

హాల్లున్న డబ్బా గీతిక గొంతుతోని మొదలుపెట్టింది. "అటెన్షన్ ప్లీజ్. నానమ్మ ఈజ్ స్టక్ ఇన్ ది బాత్. నానమ్మ ఈజ్ స్టక్ ఇన్ ది బాత్." ఆఫీసోళ్ళందరు లేసి నిలబడ్డరంట. అల్లుడుగారికి కాలు చెయ్యి ఆడలే. నానమ్మంటే వారి అమ్మ గదా. ఆమె తొట్టిల ఇరుక్కున్నదని మా ఇంటికే ఫోన్ కొట్టిండు. నేను ఈ గోడ అవతల్నే ఉన్ననని ఎవ్వరికి తట్టలే.

ఆఖరుకు సృజన వచ్చింది. తలుపు గుంజింది, రాలే. ప్లంబర్‌కు ఫోన్ చేస్తే ఆర్వోకు వస్తనన్నడు. అప్పుడు మా పిల్ల గరాజ్ కాడికి ఉరికి, మీ బకెట్ల కరివేపాకు చెట్టును పీకి అవతల పెట్టి బకెట్ తెచ్చింది. గూట్లకెళ్ళి మీ రాగి చెంబు తీసి, కాగితప్పూలు పారేసి, తొట్టి అంచుకు ఒరిగి తోడుడు పెట్టింది. చెంబు ముంచుడు, బకెట్ నింపుడు, తీసుకపోయి పారపోసుడు. గీతిక వాకిట్ల నిలబడి, "అమ్మమ్మా, దిస్ ఈజ్ సో గ్రోస్, ఛీ," అనుకుంట వీడియో తీస్తనన్నది. తల్లి చూసిన చూపుకు ఫోన్ లోపల పెట్టింది.

తోడుకుంట తోడుకుంట మా పిల్ల ఏమన్నదో తెలుసా? "అత్తయ్య చెంబు ఇంత పనిమంతురాలని అనుకోలే అమ్మా," అన్నది.

మరునాటి సంది సున్నిపిండి బంద్. ఉత్త నీళ్ళు, బుడగలు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కూసుంటున్న. మీ తొట్టిని మీరు వచ్చేదాక మంచిగ చూసుకుంట. ఎప్పుడొస్తరు? తొందరేం లేదు.

ఇట్లు,
మీ,
చాముండేశ్వరి.

తా.క. నిజంగనే తొందరేం లేదు.


కానింగ్ వేల్,
నవంబరు 2.

చాముండేశ్వరి వదినగారికి,

మీ ఇంటి పీట మీద రాజ్యమేలుతున్న శ్యామసుందరి నమస్కారాలు.

దీపావళినాడు ఇక్కడ ఇంకా చీకటి ఉండగానే భార్గవ్ ఫోను చేసి, "అమ్మా, నువ్వు తొట్టిలో ఉన్నావా?" అని అడిగాడు. మంచం మీద ఉన్నాను నాయనా అన్నాను. "ష్యూరా?" అన్నాడు. ఆ గొంతు విని నాకే అనుమానం వచ్చి, లేచి కూర్చుని తడిమి చూసుకున్నాను.

ఇక మీ బాత్రూం సంగతి. మీరు రాసినట్టే అన్నీ ఉన్నాయి. కాని వదినగారూ, నేను ఫిజిక్స్ చెప్పినదాన్ని. ఏ వస్తువు ఎలా ఉందో చూస్తే దాని మీద ఏ బలం పనిచేసిందో, ఏది పనిచేయలేదో తెలిసిపోతుంది. పీట మీద వేలితో పేరు రాసుకునేంత దుమ్ము. బకెట్టులో నీళ్ళు లేవు, బట్టల క్లిప్పులున్నాయి. మోకాలెత్తు కుళాయి బిగుసుకుపోయి చందు వచ్చి తిప్పితేగాని కదలలేదు. తువ్వాలు వేసుకునే కడ్డీ మాత్రం కుడివైపు మేకులతో సహా గోడలోంచి ఊడి వేలాడుతోంది. ఒక మనిషి చాలాకాలంగా నేలమీద కూర్చోకుండా, నిలబడి, కుడిచేత్తో ఆ కడ్డీ పట్టుకుని, ఎడమకాలు మీద బరువు వేయకుండా స్నానం చేస్తోందన్నమాట.

ఆ మనిషి ఎవరో నేను రాయను. పద్దెనిమిది అంగుళాల పీట, తక్కువ గడప, మోకాలి చిప్ప వెనక బుడగలు, లేత గులాబి రంగు. నా కోసం మీరు ఇంత కచ్చితంగా ఎలా కొలిచారా అని అప్పుడే ఆశ్చర్యపోవలసింది. మీ కబుర్లలోని ఎడమ మోకాలు నాదని నేను కూడా కొన్నాళ్ళు నమ్మాను. ఒక పూట రుద్దుకున్నాను కూడా.

కోపం లేదు. నా స్నానం సంగతి నేను నోరు తెరిచి అడగలేక మీ చేత అడిగించబోయాను. మీ మోకాలి సంగతి మీరు అడగలేక నా పేరున అడిగారు. ఇద్దరం ఒకే కాలేజీ. అయితే ఒక్క మాట. తొట్టి వేరు, వైద్యం వేరు. మీ అమ్మాయికి చెప్పి డాక్టరుకు చూపించుకోండి. ఈసారి మీ పేరునే.

కాత్యాయనికి తెలుస్తుందని కదూ మీ బెంగ. ఆవిడ మొన్న అప్పాలు పట్టుకుని వచ్చింది. కుర్చీలో కూర్చుని చాముండేశ్వరి చెప్పినంత బాగా బతుకమ్మ పాట ఈ ఊళ్ళో ఎవరూ చెప్పలేదు అంది. తర్వాత గొంతు తగ్గించి, వచ్చే ఏడు తనకూ పక్కన ఒక కుర్చీ వేయిస్తారేమో కనుక్కోమంది. ఆవిడ లేచేటప్పుడు బల్ల పట్టుకుంది. నేను చూడనట్టు ఊరుకున్నాను.

అసలు ఉపద్రవం ఇప్పుడు చెబుతాను. మీరు గులాబి తొట్టిని ముద్దు చేస్తున్నారని సృజన మీ కోడలు కుసుమకు చెప్పింది. కుసుమ మనసు కరిగిపోయింది. మీరు తిరిగొచ్చేలోగా ఈ బాత్రూం పగలగొట్టి, మీకు తెలియకుండా కొత్తది కట్టించాలని నిశ్చయించింది. నిన్న టేపు పట్టుకుని ఒక కన్సల్టెంటు వచ్చాడు. వేరే కుర్రాడే, మాట మాత్రం అదే. "టబ్ ఏ గోడకీ టచ్ అవకూడదు," అన్నాడు. నా కళ్ళముందే కుళాయిని చూసి, ఇది ముందు లేపేయాలి అన్నాడు.

ఎంతో దేశం దాటి వచ్చి మోకాలెత్తు కుళాయి దొరికించుకున్నాను వదినగారూ. ఊరుకుంటానా? కుసుమను పక్కకు పిలిచాను.

"అమ్మా, నీతో చెప్పకూడదు గాని చెబుతున్నాను. మీ అత్తగారికి ఆ కుళాయి, ఆ పీట, ఆ బకెట్టు అంటే ప్రాణం. అవి తీసేస్తే నోరెత్తి ఒక్క మాట అనదు. లోపల్లోపలే కుమిలిపోతుంది. మొహమాటం మనిషి కదా," అన్నాను.

మీ కోడలు కళ్ళు తుడుచుకుంది. "ఆంటీ, అత్తమ్మ మాకు ఒక్కసారి కూడా చెప్పలేదు," అంది.

"చెప్పదు. అదే ఆవిడ గొప్పతనం," అన్నాను.

కన్సల్టెంటును పంపేశారు. కుళాయి ఉంటుంది. దానికి కొత్త ఇత్తడి తల పెట్టిస్తున్నారు, నేలకు జారని బండలు, పీటకు వార్నిషు. అన్నీ మీ పేరునే, నా కొలతలతో. ఊడిన కడ్డీ స్థానంలో మాత్రం గట్టిది ఒకటి వేయించమన్నాను. అది నిజంగా మీకోసం.

మీరు అక్కడే ఉండండి. నేను ఇక్కడే ఉంటాను. చందు నాకు పొద్దున్నే ఫిల్టరు కాఫీ ఇస్తున్నాడు. భార్గవ్ మీకు టీ పెట్టడం నేర్చుకున్నాడని విన్నాను. ఎవరి కొడుకు దగ్గర వాళ్ళే ఉండాలని ఏ ప్లంబరూ అనలేదు కదా.

ఇట్లు,
బకెట్టెడు నీళ్ళతో సుఖంగా ఉన్న,
శ్యామసుందరి.

తా.క. నా రాగి చెంబును మళ్ళీ గూట్లో పెట్టనివ్వకండి. తొట్టి పక్కనే, చేతికి అందేలా ఉంచండి. సున్నిపిండి మానేశానని మీరు రాసింది నేను నమ్మలేదు.

ఇంకొక తా.క. నిన్న రాత్రి మీ అమ్మాయి ఫోను చేసి, "ఎప్పుడొస్తారు అత్తయ్యా?" అని అడిగింది. "రావాలనే ఉందమ్మా, మోకాళ్ళు సహకరించడం లేదు," అన్నాను.